మన డిపాజిట్లతో మన నీళ్లకే ఎసరా?

పంట లోను కావాలంటే పాస్‌బుక్కు, అడంగల్, నో డ్యూస్ అని బ్యాంకు మనల్ని పదిసార్లు తిప్పుద్ది. అదే ఫ్యాక్టరీకి కోట్లిచ్చేటప్పుడు, వాగులోకి ఏం వదుల్తారని ఊళ్లో ఒక్కర్నీ అడగదు.

సోంపేట గుర్తుందా? బీల భూముల్లో 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనోళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే రోజు పర్యావరణ అనుమతి రద్దయింది. కాగితం చూసి అప్పిచ్చేవాళ్లకి ఇంతకన్నా పాఠం ఏం కావాలి? అనుమతి పోతే ప్లాంటు ఆగుద్ది, అప్పు మునుగుద్ది. ప్రభుత్వ బ్యాంకైతే ఆ గుంట పూడ్చేది జనం సొమ్మే.

ఉద్యోగాలొస్తాయంటారు. రానీండి. బీల ఎండితే పోయే బతుకులు కూడా లెక్కలో రాయాలిగా!

గ్రామసభ ఒప్పుకోకుండా, నీళ్ల లెక్క తేలకుండా రూపాయి ఇవ్వొద్దని మీ బ్రాంచి మేనేజరుకి అర్జీ పెట్టండి. దాచింది మనం, అడగాల్సిందీ మనమే.