సర్టిఫికెట్ గోడకి, సీపీఆర్ చేతులకి

సీపీఆర్ అంటే డాక్టర్ల పని, నర్సుల పని అని మన ఇళ్లలో ఇంకా అనుకుంటున్నాం. నన్నడిగితే అది ముందు ఇంట్లో ఉండేవాళ్ల పని. ఆసుపత్రి బయట గుండె ఆగిపోయేది ఎక్కువగా ఇళ్లలోనే. మగవాళ్లు పొలానికో, సున్నం బట్టీకో వెళ్లాక మావయ్యగారి పక్కన ఉండేది మనమే కదండీ!

మా పిడుగురాళ్లలో 108 అంటే తెలియనివాళ్లు లేరు. 2005 నుంచి ఎన్ని ప్రాణాలు కాపాడిందో! కానీ బండి మన గుమ్మం ముందుకొచ్చేదాకా గడిచే నిమిషాల మాటేమిటి? గుండె ఆగిన నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఏమీ చెయ్యకుండా చూస్తూ కూర్చుంటే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది.

సరే, నేర్చుకుందామంటే ఏ కోర్సు? నర్సింగ్ చదివే మా ఆడపడుచు కూతురు ఒక్కమాటలో తేల్చేసింది. "అత్తా, బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ మా ఉద్యోగాలకి. నీకు అవి అక్కర్లేదు" అంది. నిజమే. ఏసీఎల్ఎస్‌లో ఈసీజీ చదవాలి, మందుల మోతాదులు తెలియాలి. మనలాంటివాళ్ల కోసం మన దేశంలో మత్తు వైద్యులు తయారుచేసిన 'కోల్స్' అనే పద్ధతి ఉంది. అందులో ఛాతీ నొక్కడం ఒక్కటే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌కి హార్ట్‌సేవర్ ఉంది, దాని కార్డు రెండేళ్లు చెల్లుతుంది. కార్డే ఇవ్వని 'ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్' కోర్సు కూడా ఉంది. కార్డు లేకపోతేనేం, మనం దాన్ని ఎవరికి చూపించాలి?

డబ్బు కట్టేముందు నేనైతే రెండే అడుగుతాను. బొమ్మ మీద నా చేత ఎంతసేపు చేయిస్తారు? పిల్లలకీ, నీళ్లలో మునిగినవాళ్లకీ చెయ్యడం కూడా నేర్పుతారా? మన పక్కనే సాగర్ కాలువలున్నాయి. మునిగినవాళ్లకి నొక్కడంతో పాటు నోటితో ఊపిరి ఇవ్వడమూ ముఖ్యమే. ఫోన్లో వీడియో చూసి ఇంట్లోంచే సర్టిఫికెట్ తెచ్చుకునే కోర్సులకి మాత్రం నా ఓటు లేదు. ఈత పుస్తకం చదివితే వస్తుందా?

వెళ్లేరోజు చీర బదులు పంజాబీ డ్రెస్ వేసుకోండి, నేల మీద మోకాళ్ల మీద కూర్చోవాలి. మంచం మీద నొక్కితే పరుపే కిందికి పోతుంది. ఛాతీ మధ్యలో రెండంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా వెయ్యాలి. రెండు నిమిషాలకే చెమటలు పడతాయి, అందుకే పక్కన ఇంకొకరికి కూడా రావాలి. తోడికోడలినో, ఎదురింటి పిన్నినో వెంటబెట్టుకుని వెళ్లండి.

పిలిస్తే పలక్క, గురకలా ఎగశ్వాస తీస్తుంటే "ఊపిరుందిలే" అని ఆగకూడదు. అది ఊపిరి కాదు. వెంటనే 108కి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి మొదలుపెట్టాలి. కరెంటు షాకైతే ముందు మెయిన్ ఆపాలి. "గుండెపోటు వస్తే గట్టిగా దగ్గండి" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌ని మాత్రం ఇంకొకరికి పంపకండి. స్పృహ తప్పినవాళ్లు ఎలా దగ్గుతారు?

"పరాయి మగవాడి ఛాతీ మీద చెయ్యి వెయ్యాలా?" అనేవాళ్లూ ఉన్నారు. ఆ సంకోచం పోవాలన్నా ముందు బొమ్మ మీద చెయ్యి పడాల్సిందే.

అందుకే నేను కోరేది ఒక్కటే. డ్వాక్రా మీటింగులో వాయిదాల లెక్కలు అయ్యాక, ఏడాదికి ఒక్క పూట ఒక నర్సునీ, ఒక బొమ్మనీ మా మధ్యకి పంపండి. సర్టిఫికెట్లు ఇవ్వకపోయినా ఫర్వాలేదు.