సంతలో సరుకు మనమే!

అల్ రాయ్‌లో శుక్రవారం సంతకు పోని తెలుగోళ్లు కువైట్‌లో తక్కువ. పాత సోఫా అయినా, కార్పెట్ అయినా, గీచి గీచి బేరమాడి గానీ తీసుకోం. అర దినార్ తగ్గించడానికి మూడు దుకాణాలు తిరుగుతాం. ఇంత బేరం తెలిసిన మనమే, రూంకొచ్చి ఫోన్ పట్టుకున్నాక అమ్ముడుపోతున్నాం. ఎవడు కొన్నాడో, ఎంతకు కొన్నాడో మనకు తెలీదు.

ఇంటర్నెట్ వ్యాపారంలో 'ట్రాఫిక్' అని ఒక మాట ఉంది. ఫోర్త్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం పూట ఆగిపోయే ట్రాఫిక్ కాదు. ఒక సైట్‌లోకి వచ్చే జనాన్ని ట్రాఫిక్ అంటారు. దాన్ని అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లున్నారు, మధ్యలో దళారులున్నారు. బూతు సైట్లు నడిపేవాళ్లకు ఇక్కడో చిక్కుంది. వాళ్ల ప్రకటనలు పెద్ద కంపెనీలు తీసుకోవు. పచ్చి బూతు ప్రకటనలకు గూగుల్ 2014లోనే తలుపులు మూసింది. ఫేస్‌బుక్ కూడా ఒప్పుకోదు. మరి జనాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ఏ దారిలో వచ్చే జనాన్ని కొంటే నాలుగు రాళ్లు మిగులుతాయన్నదే ఆ వ్యాపారంలో అసలు విద్య.

వాళ్లు వెతుక్కున్న దారులు మనం రోజూ నడిచేవే. దొంగ సినిమాల సైట్లు, డబ్బు తీసుకోని వీపీఎన్‌లు, టెలిగ్రామ్ ఛానళ్లు. ఏదో వీడియో చూద్దామని పోతే 'అలో' నొక్కమంటుంది, నొక్కుతాం. ఇక ఆ రోజు నుంచి ఫోన్ మీద నోటిఫికేషన్లు వాన కురిసినట్టు కురుస్తాయి. సినిమా మీద ఒకసారి నొక్కితే వెనకాల ఇంకో కిటికీ తెరుచుకుంటుంది. అది పొరపాటున తెరుచుకోదు. అలా తెరిచినందుకు ఎవరో డబ్బు కట్టారు.

లెక్క ఇలా ఉంటుంది. వెయ్యిసార్లు చూపిస్తే ఒక రేటు, నొక్కితే ఒక రేటు, పేరు నమోదు చేయించి డబ్బు కట్టిస్తే ఇంకా పెద్ద రేటు. దేశాలను కూడా ఒకటో రకం, రెండో రకం అని విడగొట్టి ధర పెడతారు. ఊళ్లో ఉన్నప్పుడు ఒక ధర, దినార్లు సంపాదించే చోటికి వచ్చాక ఇంకో ధర. ఏ దేశం, ఏ కంపెనీ సిమ్, ఏ రకం ఫోన్, ఫోన్‌లో ఏ భాష, వారంలో ఏ రోజు, ఏ గంట.. అన్నీ ఎంచుకోవచ్చు. గురువారం రాత్రి మన రూముల్లో ఎవరు మేలుకుని ఉంటారో మన కఫీల్‌కు తెలీకపోవచ్చు. ప్రకటన కొనేవాడికి తెలుసు!

తెలుగోళ్లకు తెలిసిన ఉదాహరణే ఉంది. ఐబొమ్మ సైట్ నడిపాడన్న ఆరోపణపై 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. సినిమా కోసం వచ్చినవాళ్లను బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించారని పోలీసులు అన్నారు. అక్కడ బెట్టింగ్, ఇంకో చోట బూతు. సరుకు మారొచ్చు గానీ దారి అదే. కొత్త సినిమా ఊరికే దొరికిందని సంబరపడతాం కానీ ఊరికే ఇచ్చేవాడు ఎవడు?

'పెళ్లాం పిల్లల్ని వదిలి రెండేళ్లు, మూడేళ్లు ఉంటున్నాం, ఎవడి ఫోన్ వాడిష్టం, మీకెందుకు?' అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒంటరితనం మీద మాకు తగాదా లేదు, ఆ మాటకొస్తే నీతులు చెప్పే పెద్దమనుషుల ఫోన్లు కూడా చూడాలి. మా తగాదా ఆ ఒంటరితనం మీద వల వేసేవాడితో. ఒక్క నొక్కుతో సిమ్‌లో బ్యాలెన్స్ రోజుకింత కోత పడే సర్వీసులు ఉన్నాయి. 'మీ పక్కనే తెలుగు అమ్మాయి' అని నంబర్ ఇస్తారు, వీడియో కాల్ వస్తుంది, రికార్డు చేస్తారు, ఊళ్లో బంధువులకు పంపుతామని బెదిరిస్తారు. ఆ ప్రకటనలో ఫొటో ఎవరిది? ఏ ఇంట్లోనో పని చేసుకుంటూ టిక్‌టాక్‌లో పాట పెట్టుకున్న మన ఆడబిడ్డదే కావొచ్చు. ఆమెకు ఆ సంగతే తెలీదు. రాజంపేటలోనో, రాయచోటిలోనో మొగుడికి మాత్రం ముందు తెలుస్తుంది.

ఈమధ్య ఇంకో ముచ్చట నడుస్తోంది. 'టెలిగ్రామ్ ఛానల్ పెట్టు, లింకులు వెయ్యి, జనాన్ని పంపు, కమీషన్ డాలర్లలో వస్తుంది' అని కుర్రాళ్లకు చెబుతున్నారు. గోడౌన్‌లో పన్నెండు గంటలు బరువులు మోసేవాడికి ఈ మాట తియ్యగానే ఉంటుంది. తమ్ముళ్లూ, ఇక్కడ ఆగండి. చూసినవాడి సంగతి వేరు, పంచినవాడి సంగతి వేరు. కువైట్‌లో 2015 నాటి 63వ నంబరు సైబర్ నేరాల చట్టం 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. ప్రజల నైతికతకు భంగం కలిగించే సరుకు నెట్‌లో పెట్టినా, పంచినా రెండేళ్ల దాకా జైలు, 2,000 నుంచి 5,000 దినార్ల దాకా జరిమానా పడొచ్చు. ప్రవాసికి ఆపైన దేశం దాటించే భయం కూడా ఉంది. ఇండియాకు పోయి పెట్టుకుందాం అంటారా? అక్కడ ఐటీ చట్టం 67ఎ సెక్షన్ కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. కమీషన్ పంపేవాడు ఏ దేశంలో ఉన్నాడో ఎవడికీ తెలీదు. సివిల్ ఐడీతో తీసుకున్న సిమ్ మాత్రం నీ పేరు మీదే ఉంటుంది.

బెదిరింపులో చిక్కుకున్నవాళ్లకు ఒక మాట. డబ్బు పంపితే ఆగడు, రెండోసారి ఎక్కువ అడుగుతాడు. చాట్ తుడిపెయ్యొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. బెదిరించి డబ్బు గుంజడం అదే కువైట్ చట్టం కింద నేరమే. ఇండియాలోనైతే సైబర్ క్రైం ఫిర్యాదులకు 1930 నంబరు ఉంది, ఇంటి దగ్గరివాళ్ల చేత చేయించొచ్చు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లోకి పోయి నోటిఫికేషన్లకు ఎవరెవరికి అనుమతి ఇచ్చారో చూసి అన్నీ తీసెయ్యండి. చేతకాకపోతే రూంలో కుర్రాడిని అడగండి, సిగ్గేం లేదు.

మన తెలుగు సంఘాల పెద్దలకూ చెప్పాల్సింది ఉంది. ఉగాదికి, సంక్రాంతికి స్టేజీలు కడతారు, శాలువాలు కప్పుకుంటారు. బాగానే ఉంది. అదే స్టేజీ మీద ఈ ముచ్చటకు పది నిమిషాలు ఇవ్వండి. ఆడవాళ్లకు వేరుగా, ఆడవాళ్ల చేతనే చెప్పించండి. ఆ పది నిమిషాల కోసం ఒక శాలువా తగ్గినా మేం ఏమీ అనుకోం.