పదిలో థీమ్... ఇంటర్‌లో గైడ్... ఇంటర్వ్యూలో మౌనం!

గ్రూప్ డిస్కషన్‌లో టాపిక్ ఇస్తారు: ‘పల్లెల నుంచి పట్టణాలకు వలస’. పది మందిలో ముగ్గురే మాట్లాడతారు. మిగతావాళ్లు మొదటి రెండు వాక్యాలు చెప్పి ఆగిపోతారు. గది బయటికొచ్చాక అందరిదీ ఒకటే మాట: ‘ఇంగ్లిష్ రాక పోయింది బ్రో.’ ఆ రాత్రే ఫోన్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ వీడియోలు మొదలవుతాయి.

ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. అదే టాపిక్ మీద తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడండి. చాలామంది మూడో వాక్యం దగ్గర తెలుగులో కూడా ఆగిపోతారు. అంటే సగం సమస్య ఇంగ్లిష్‌ది. మిగతా సగం, చెప్పడానికి మన దగ్గర సరుకు లేకపోవడం. ఆ సరుకు ఎక్కడి నుంచి రావాలి? నన్నడిగితే, మనం సెలెక్టెడ్ క్వశ్చన్లతో సరిపెట్టేసే ఇంటర్ ఇంగ్లిష్ పీరియడ్ నుంచే రావాలి. ఒకే విషయం చుట్టూ కథ, కవిత, వ్యాసం, ఇంటర్వ్యూ పేర్చి సాహిత్యాన్నీ సంస్కృతినీ కలిపి చెప్పే పద్ధతి ఒకటుంది. దాన్నే థీమ్ యూనిట్ అంటారు. ఇది మీకు కొత్తేమీ కాదు. మీరో, మీ అన్నో అక్కో చదివిందే.

పదో తరగతి పుస్తకం గుర్తుందా?

2014 నుంచి చాలా ఏళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లో నడిచిన పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో ఎనిమిది యూనిట్లుండేవి. వ్యక్తిత్వ వికాసం, హాస్యం, మానవ సంబంధాలు, సినిమా-నాటకం, సామాజిక సమస్యలు, జీవ వైవిధ్యం, దేశం-వైవిధ్యం, మానవ హక్కులు. ప్రతి యూనిట్‌లో ఒకే థీమ్ మీద మూడు పాఠాలు. సినిమా యూనిట్‌లో సత్యజిత్ రాయ్ గురించి ఒక పాఠం, మన ‘మాయాబజార్’ మీద ఒక పాఠం, సావిత్రికి నివాళిగా ఒకటి. మానవ హక్కుల యూనిట్‌లో పి.సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ ఇంగ్లిష్‌లో ఉండేది. యూనిట్ చివర ప్రాజెక్ట్ వర్క్, మధ్యలో గ్రాఫ్ చూసి రాయడం, విని జవాబు చెప్పడం కూడా ఉండేవి.

ఇప్పుడు ఆ ఎనిమిది పేర్లనూ మరోసారి చదవండి. గ్రూప్ డిస్కషన్ టాపిక్‌లు, బ్యాంక్ పీవో మెయిన్స్ వ్యాసాలు, సివిల్స్ ఎస్సే పేపర్‌లో సగం వీటి చుట్టూనే తిరుగుతాయి. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ టెస్ట్ కూడా ఇదే దారిలో ఉంటుంది. రెండో భాగంలో ఒక విషయం ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడమంటారు. మూడో భాగంలో అదే విషయం మీద లోతుగా నాలుగైదు నిమిషాల చర్చ. థీమ్‌తో చదివినవాళ్లకు ఇది అలవాటైన ఆటే.

ఇంటర్‌లో తెగిన దారం

పదిలో అంత పునాది పడితే, రెండేళ్లలో అది ఏమైపోతోంది? మీకూ తెలుసు. ఇంటర్‌లో ఇంగ్లిష్ అంటే అనోటేషన్లు, పేరాగ్రాఫ్ క్వశ్చన్లు, ఆర్టికల్స్, ప్రిపోజిషన్లు. ఆఖరి నెలలో గైడ్ తెచ్చి పది జవాబులు బట్టీ కొట్టడం. మంచి కవితలూ కథలూ సిలబస్‌లో ఉంటాయి. కానీ ఒకదానికీ ఇంకొకదానికీ ముడి కనపడదు. పరీక్షలో ఏది రావచ్చన్నదే వాటిని కలిపే దారం.

తప్పు విద్యార్థిది అనడం తేలిక. లెక్క చూస్తే అసలు కారణం తెలుస్తుంది. ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఇంగ్లిష్‌కు సున్నా. జేఈఈ మెయిన్‌లోనూ అంతే. ర్యాంకుల మీద బతికే కాలేజీ ఏ పీరియడ్‌ను కుదిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పదహారేళ్లప్పుడు ఇంగ్లిష్‌కు విలువ లేదని వ్యవస్థ చెబుతుంది. ఇరవై ఒకటో ఏట క్యాంపస్ ప్లేస్‌మెంట్లు వచ్చేసరికి కమ్యూనికేషన్ స్కిల్సే ముఖ్యమని అదే వ్యవస్థ అంటుంది. మధ్యలో ఐదేళ్లు ఖాళీ.

ఇప్పుడేం మారుతోంది?

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి ఇంటర్ ఫస్టియర్‌లో ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ ప్రవేశపెట్టారు. మ్యాథ్స్ ఏ, బీ కలిసి ఒకే సబ్జెక్ట్ అయ్యాయి. బోటనీ, జువాలజీ కలిసి బయాలజీ అయ్యాయి. ఇంగ్లిష్ తప్పనిసరి. సెకండ్ లాంగ్వేజ్ స్థానంలో మాత్రం తెలుగో సంస్కృతమో కాకుండా వేరే సబ్జెక్ట్ ఎంచుకునే వీలు వచ్చింది.

ఈ ఆఖరి మార్పు మీద కాస్త ఆలోచించండి. సెకండ్ లాంగ్వేజ్ వదులుకున్న ఎంపీసీ కుర్రాడికి ఒక కథ, ఒక కవిత ఎదురయ్యే పీరియడ్ రోజు మొత్తంలో ఎన్ని మిగులుతాయి? ఒక్కటే, ఇంగ్లిష్. అదీ గైడ్‌తోనే గడిచిపోతే, పదిహేనేళ్లు దాటాక ఆ పిల్లాడి చదువులో సాహిత్యమే ఉండదు. కాబట్టి ఆ ఒక్క పీరియడ్‌లో ఏం జరుగుతుందన్నది మునుపటి కంటే ఇప్పుడే ముఖ్యం.

తెలంగాణ మరో అడుగు వేసింది. 2023-24లో ఇంటర్ ఇంగ్లిష్‌కు 20 మార్కుల ప్రాక్టికల్స్ తెచ్చింది. ఒక నిమిషం ఆపకుండా మాట్లాడటం, రోల్ ప్లే, విని జవాబివ్వడం లాంటివి అందులో ఉంటాయి. నోరు విప్పితే మార్కులు రావడం మంచి మార్పే. కానీ వెనక థీమ్ లేకపోతే అదీ బట్టీ వ్యవహారమే అవుతుంది. ‘మైసెల్ఫ్’ అనే పేరా కంఠస్థం చేసి నిమిషంలో అప్పజెప్పేస్తాం.

బయటి ప్రపంచంలో చూస్తే, ఐబీ డిప్లొమా కోర్సులో రెండో భాషగా ఇంగ్లిష్ చదివే పిల్లలకు మొత్తం సిలబస్ ఐదు థీమ్‌ల మీదే ఉంటుంది. అస్తిత్వాలు, అనుభవాలు, మనిషి సృజన, సమాజ నిర్మాణం, అందరిదైన ఈ భూమి. చదవడం, రాయడం, మాట్లాడటం అన్నీ వాటి చుట్టూనే. లక్షల ఫీజు కట్టే స్కూళ్లలో ఇది మామూలు సంగతి. దాదాపు ఇదే పద్ధతిని మన జిల్లా పరిషత్ హైస్కూల్ పిల్లలకు పదో తరగతి పుస్తకం ఉచితంగా ఇచ్చింది. ఆ తర్వాత కొనసాగింపే లేదు.

థీమ్ అంటే నీతి వాక్యం కాదు

థీమ్ పద్ధతిలోనూ ఒక ప్రమాదం ఉంది. ‘సామాజిక సమస్యలు’ యూనిట్‌లో వామన్ హోవాల్ రాసిన మరాఠీ కథ ఒకటి ఇంగ్లిష్ అనువాదంలో ఉండేది. రిటైరై ఊరికొచ్చిన బయాజీ అనే దళితుడు మేడ కట్టుకోవాలనుకుంటాడు. ఊరి పెద్ద ఒప్పుకోడు. ఆ కథ చదివి ‘కుల వివక్ష చెడ్డది, అందరూ సమానమే’ అని రాస్తే మార్కులు పడతాయి. కథ మాత్రం చేతికి రాదు.

అదే కథను ఇలా అడిగి చూడండి. ఇల్లు కట్టుకోవడానికి అభ్యంతరం లేనివాళ్లకు మేడ అనగానే ఎందుకు కోపమొచ్చింది? ఒక అంతస్తు ఎత్తులో అంత అధికారం ఎలా దాక్కుంది? మన ఊళ్లో ఎవరి ఇల్లు ఎటువైపు ఉంది, ఎందుకు? ఇప్పుడు మీకు చెప్పడానికి పది వాక్యాలున్నాయి. అవి మీ సొంత వాక్యాలు. సంస్కృతిని చదవడమంటే ఇదే. లండన్ వంతెనలూ క్రిస్మస్ కేకులూ గుర్తుపెట్టుకోవడంతో అది అయిపోదు.

యూనిట్‌కు కావాల్సినవి మన పక్కనే

నిమ్మనపల్లెలో బస్సెక్కి మదనపల్లె కాలేజీకి వెళ్లేవాళ్లకు ‘దేశం’ అనే థీమ్ దారిలోనే ఉంది. అనిబిసెంట్ 1915లో స్థాపించిన థియోసాఫికల్ కాలేజీకి, అంటే ఇప్పటి బీటీ కాలేజీకి, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చారు. అక్కడే ‘జనగణమన’ను ఇంగ్లిష్‌లోకి అనువదించారు. దానికి ‘ద మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టారు. పాశ్చాత్య సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసుకున్నారు. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ ఆ కాలేజీ ప్రిన్సిపాల్, ఐర్లాండ్ కవి. అంతకుముందు 1916లో ఐర్లాండ్ తిరుగుబాటును సమర్థిస్తూ రాసినందుకు మద్రాసులో పత్రిక ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. ఒక బెంగాలీ పాట, దాని ఇంగ్లిష్ రూపం, బ్రిటిష్ పాలనలోనే నలిగిన ఐరిష్ కవి, రాయలసీమలోని ఒక కాలేజీ. దేశం అంటే ఏంటి, అనువాదంలో ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది అన్న ప్రశ్నలకు ఇంతకంటే మంచి యూనిట్ ఎక్కడ దొరుకుతుంది?

పుంగనూరువాళ్లకు జీవ వైవిధ్యం ఉంది. మూడడుగులు కూడా దాటని పుంగనూరు ఆవును కాపాడేందుకు పలమనేరు పశు పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. 2024 సంక్రాంతికి ప్రధాని నివాసంలో ఆ ఆవుల ఫొటోలు దేశమంతా తిరిగాయి. జాతిని కాపాడటానికీ, ముద్దొస్తోందని కొనుక్కోవడానికీ తేడా ఏంటి? మంచి డిబేట్ టాపిక్. ఇక కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే బస్టాండ్‌లో వినిపిస్తాయి. ద్రవిడ భాషల కోసమే 1997లో పెట్టిన యూనివర్సిటీ అక్కడే ఉంది. సీబీఎస్‌ఈ ప్లస్ టూ పుస్తకం ‘ఫ్లెమింగో’లో అల్ఫోన్స్ డోడే కథ ‘ద లాస్ట్ లెసన్’ చదవండి. యుద్ధంలో ఓడిన ఫ్రాన్స్ ప్రాంతంలోని బడిలో ఫ్రెంచ్‌కు అదే ఆఖరి క్లాస్. ఆ కథ కుప్పం కుర్రాళ్లకు తగిలినట్టు ఇంకెవరికి తగులుతుంది?

మీ యూనిట్ మీరే కట్టుకోండి

సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. వారానికి ఒక థీమ్ చాలు. ఉదాహరణకు ‘పంట - ధర’ తీసుకుందాం. మదనపల్లె టమాటా మార్కెట్ నీడలో పెరిగినవాళ్లకు ఇది పుస్తకాల్లో వెతకాల్సిన విషయం కాదు.

మొదటి రోజు: ‘ఫ్లెమింగో’లోనే ఉన్న రాబర్ట్ ఫ్రాస్ట్ కవిత ‘ఎ రోడ్‌సైడ్ స్టాండ్’ రెండుసార్లు పైకి చదవండి. రోడ్డు పక్కన చిన్న పాక వేసి పంట పెట్టుకున్న పల్లెవాళ్లు, ఆగకుండా పోయే కార్లు. కవి కోపం ఎవరి మీద? ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

రెండో రోజు: మన చిత్తూరు రచయిత నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ నుంచి ఒక కథ చదివి, ఐదు వాక్యాల్లో ఇంగ్లిష్‌లో చెప్పండి. మన యాసలోని ఏ మాట ఇంగ్లిష్‌లోకి రానంటోందో రాసుకోండి.

మూడో రోజు: కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో నెల రోజుల టమాటా ధరలు తీసి గ్రాఫ్ గీయండి. ఎక్కడ పెరిగింది, ఎక్కడ పడింది, ఎందుకై ఉంటుంది? ఆరు వాక్యాలు. 2023 జులైలో కిలో వంద దాటినప్పటి ధరలతో పోల్చి చూడండి.

నాలుగో రోజు: ఇంట్లోనో పక్కింట్లోనో టమాటా వేసిన రైతును తెలుగులోనే ఐదు ప్రశ్నలు అడగండి. జవాబుల్ని ఇంగ్లిష్‌లో రాయండి.

ఐదో రోజు: ఫోన్ రికార్డర్ ఆన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడండి. విని, మళ్లీ ఒకసారి మాట్లాడండి.

ఆరో రోజు: 250 పదాల వ్యాసం. దాన్ని ఫ్రెండ్‌కు ఇచ్చి, ఒప్పుకోని ఒక్క పాయింట్ చెప్పమనండి. దానికి మీరిచ్చే జవాబే గ్రూప్ డిస్కషన్‌కు ప్రాక్టీస్.

ఇందులో చాట్‌బాట్ ఎక్కడ? నాలుగో రోజు దాటేదాకా దాన్ని ముట్టుకోకండి. ముందే అడిగితే అందరికీ ఇచ్చే జవాబే మీకూ ఇస్తుంది. గదిలో పది మందీ అదే మాట చెబితే ప్యానెల్‌కు ఎవరూ గుర్తుండరు. మీ వ్యాసం రాశాక వాక్యాలు సరిదిద్దమనండి. మీ వాదనకు ఎదురు వాదన చెప్పమనండి. అక్కడ అది బాగా పనికొస్తుంది.

ఇంజినీరింగ్ వాళ్లకు ఇంకో మాట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రోజూ చేసేదీ దాదాపు ఇదే. యూజర్ ఫిర్యాదు చదివి అతని బాధేంటో పట్టుకోవాలి. డేటా చూసి కారణం చెప్పాలి. ఒప్పుకోని టీమ్‌మేట్‌కు రెండు పేరాల్లో వివరించాలి. కవితలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో గమనించే కన్నే అక్కడా పనిచేస్తుంది.

బోర్డులు చేయాల్సిన పని బోర్డులకుంది. ఇంటర్ పాఠాలను థీమ్‌ల కింద పేర్చి, ప్రతి థీమ్‌లో ఒక స్థానిక పాఠం చేర్చి, మాట్లాడే మార్కుల్ని ఆ థీమ్‌కే ముడిపెడితే పదో తరగతి పునాది వృథా కాదు. అందుకు కొత్త భవనాలు అక్కర్లేదు, ప్రశ్నపత్రం మారితే చాలు. అప్పటిదాకా ఈ వారం మీ థీమ్ ఏంటో మీరే తేల్చుకోండి. పాత పదో తరగతి పుస్తకం ఇంట్లో ఎక్కడో అటక మీద ఉండే ఉంటుంది. విషయసూచిక పేజీ తీస్తే ఎనిమిది వారాలకు సరిపడా పని సిద్ధంగా ఉంది.