పొలమున్నదని పింఛను లేదట!

అస్సాం అనగానే మన పాఠకులలో చాలామందికి తేయాకు తోటలే స్ఫురిస్తాయి. ఒకప్పుడు గంజాం, విశాఖపట్నం ప్రాంతాలనుండి తెలుగువారిని సైతం కూలీలుగా తరలించుకుపోయిన తోటలవి. వాటి చరిత్ర వేరుగా వ్రాయదగినది. ఈ సంచికలో మేము ప్రస్తావించదలచినది వేరొక తోట: బ్రహ్మపుత్ర లోయలో సామాన్య రైతు ఇంటిని ఆనుకొని ఉండే పెరటి తోట, దాని వెనుక నాలుగైదు బిఘాల పొలం, ఆ ఇంటి ముందు గదిలో నడుస్తున్న బ్రాంచి పోస్టాఫీసు. బిఘా అంటే అక్కడ ఎకరంలో మూడవ వంతు మాత్రమేనని పాఠకులు గమనింతురుగాక.

వైశాఖమంటే మనకు బీటలువారిన నేల, ఎండిన చెరువు, రోహిణి కార్తెకు భయపడుతూ తొలకరికై ఎదురుచూపు. అక్కడ అలా కాదు. చైత్రాంతంలో రొంగాలి బిహు పండుగ వచ్చేసరికే గాలివానలు ఆరంభమవుతాయి. వేసవి తొలి గాలివానకు అక్కడివారు ‘బొర్దోయిసిలా’ అని పేరు పెట్టుకొన్నారు. పండుగకు పుట్టింటికి పరుగున వచ్చి, వస్తూ వస్తూ దడులు, పైకప్పులు పడగొట్టే ఆడపడుచు అట ఆమె! అంత ముద్దుగా పిలుచుకొన్న వానతోనే వారి వ్యవసాయ సంవత్సరం మొదలవుతుంది. ‘ఆహు’ వరి చేలో నిలిచి ఉంటుంది. జనపనార మొక్క పైకి సాగుతూ ఉంటుంది. పెద్ద పంటయైన ‘సాలి’ వరికి ఆకుమడి దున్నవలసిన అదను అదే. పెరటిలో పోకచెట్లు, వాటిని అల్లుకొన్న తమలపాకు తీగలు, అరటి, పనస, గుమ్మడి పాదు, మూల ఒక వెదురు పొద, ఇంటి వెనుక చేపల గుంట. ఈ రెండు నెలలు ఇంటిల్లిపాదికీ తెల్లవారినది మొదలు చీకటిపడేవరకు పని ఉంటుంది. స్త్రీలకు చీకటిపడిన తరువాతకూడా ఉంటుంది.

ఆ ఇంటి యజమాని గ్రామీణ డాక్ సేవకుడు. మన శాఖలో పూర్వం ‘ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్’ అని పిలువబడినవాడు. దేశంలో ఇటువంటివారు సుమారు రెండున్నర లక్షలమంది ఉన్నారు. వారి నియమావళి ఏమంటున్నదో మన రైల్వే సోదరులకు తెలియకపోవచ్చును గనుక చెప్పవలసియున్నది. అతనిచేత రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించరాదట. కాబట్టి అతడు పూర్తికాలపు ప్రభుత్వోద్యోగి కాడట. తనకును, తన కుటుంబానికిని చాలినంత జీవనాధారం కలిగేటట్లు, శాఖ ఇచ్చే భత్యంగాక వేరొక ఆదాయ మార్గాన్ని అతడు కలిగియుండవలెనట. బ్రాంచి పోస్టుమాస్టరైతే ఆఫీసుకు చోటు తానే చూపవలెను. ఆ గ్రామంలోనే కాపురముండవలెను. అతనికి కేంద్ర ప్రభుత్వోద్యోగికి లభించే పింఛను లేదు. పాతకాలపు జీవో ఏదో పొరపాటున మిగిలిపోయినదని ఎవరూ అనుకోవద్దు. 2020లో సరిక్రొత్తగా వెలువడిన నియమావళిలోకూడా ఈ షరతు ఉన్నది.

వేరొక ఆదాయ మార్గమంటే పల్లెటూళ్లో ఏమిటి? పొలమే, పెరడే. అనగా శాఖ చెల్లించని జీతాన్ని ఆ నేల చెల్లించవలెను. శాఖ ఇవ్వని పింఛనును ఆ పోకచెట్లు ఇవ్వవలెను. రైతుకు సబ్సిడీలు ఇస్తున్నామని చెప్పుకొనే ప్రభుత్వం, ఇక్కడ మాత్రం తన తపాలా సేవకు రైతునుండి సబ్సిడీ పుచ్చుకొంటున్నది!

ఆ నేల ఆ భారాన్ని మోయగలదా? ఇదే మా ప్రశ్న. మేము దీనికి జవాబును ఫైళ్లలో వెదకలేదు, నీళ్లలో వెదికాము.

1950 ఆగస్టు 15న సంభవించిన మహా భూకంపంలో కొండలు విరిగిపడి, ఆ మన్నంతా బ్రహ్మపుత్రలోకి చేరి నదీగర్భం మెరకయ్యింది. 1954 నాటి జాతీయ వరద విధానం తరువాత ఒకదాని వెంట ఒకటిగా కరకట్టలు లేచాయి; నేడవి నాలుగువేల కిలోమీటర్లకు పైబడి ఉన్నాయి. కట్ట ఉన్నది గదా అని జనం దాని వెనుక ఇళ్లు కట్టుకొన్నారు, తోటలు వేసుకొన్నారు. కట్ట నిలిచినంత కాలం నదిలోని ఒండ్రు చేలకు చేరదు. కట్ట తెగిన రోజున చేరేది ఒండ్రు కాదు, ఇసుక. ఈ భేదం మన గోదావరి లంకల రైతులకు చెప్పనక్కరలేదు. ఒండ్రు వేసిపోయిన వరద మరుసటి పంటకు ఎరువు. ఇసుక మేట వేసిపోయిన వరద వెంట పొలం పొలంగా మిగలదు. దానిని తవ్విపోయడానికి అయ్యే ఖర్చుతో ఆ పొలాన్నే కొనవచ్చునని రైతులు అంటారు. అస్సాంలో వరదకు లోనయ్యే భూమి 31 లక్షల హెక్టార్లని ప్రభుత్వ లెక్క. రాష్ట్ర విస్తీర్ణంలో ఇది నూటికి దాదాపు 40 వంతులు. 1950 నుండి నదులు కోసుకొని మ్రింగివేసిన భూమి 4 లక్షల 27 వేల హెక్టార్లు. మొదటిది నీటమునిగి తేలే భూమి. రెండవది ఇక తేలని భూమి. పట్టా చేతిలో ఉంటుంది, పొలం నది అడుగున ఉంటుంది. ఇంతటి నష్టానికి, నదీకోత అనే విపత్తుకు, కేంద్ర సహాయ నిధుల జాబితాలో చాలాకాలం పేరైనా లేదు. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం దానిని గుర్తించి, నిర్వాసితుల పునరావాసానికి 1,000 కోట్ల రూపాయలు కేటాయించవలెనని సిఫారసు చేయవలసివచ్చింది.

ఇక్కడ వరద ఏటా ఒక్కసారి వచ్చిపోయే చుట్టం కాదు. మే నెలలో మొదటి పోటు, సెప్టెంబరు దాటేలోగా మరి రెండు మూడు. మొదటి పోటే అన్నిటికంటె క్రూరమైనదని మా అభిప్రాయం. ఎందుకంటే అప్పటికి ఆహు వరి కోతకు రాలేదు. సాలి ఆకుమడి మొలక దశలో ఉన్నది. గాదెలో మిగిలినది విత్తనమే. నాలుగు రోజులు నీరు నిలిస్తే తమలపాకు తీగ మొదలు కుళ్లుతుంది. గుంటలోని చేప ఏటిపాలవుతుంది. పోకచెట్టు బ్రతుకుతుంది, నిజమే. కాని పోకలమ్ముకొని ఒక సంసారం ఎంతకాలం గడుస్తుంది?

2022 మే నెల మన రైల్వే సోదరులకు గుర్తుండే ఉంటుంది. ఆ నెల మధ్యలో లుమ్డింగ్ – బదర్‌పూర్ కొండదారిలోని న్యూ హాఫ్లాంగ్ స్టేషన్‌పై కొండ బురద విరుచుకుపడి, నిలిచి ఉన్న రైలుపెట్టెలను పడగొట్టింది. బరాక్ లోయ, మిజోరం, త్రిపురలకు రైలు మార్గం దాదాపు రెండు నెలలు తెగిపోయింది. దానిని మరల నిలబెట్టిన శ్రమ ఎవరిదో మనకు తెలుసు. అదే వారాలలో హోజాయి జిల్లా జమునాముఖ్ ప్రాంతంలో అయిదు వందలకు పైబడిన కుటుంబాలు రైలు పట్టాల ప్రక్కనే టార్పాలిన్లు కట్టుకొని తలదాచుకొన్నాయి. చుట్టూ పదిమైళ్లలో మునగని నేల ఆ కట్ట ఒక్కటే గనుక! చేలు, తోటలు, ఇళ్లు నీటి అడుగున ఉండగా, మన గ్యాంగుల చేతులు నిలబెట్టిన కంకర గట్టు మీద మనుషులు పొయ్యి రాజేసుకొన్నారు. రైల్వే కార్మికునికి, పల్లె రైతుకు గల సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే ఈ దృశ్యాన్ని చూపితే చాలును.

పోస్టాఫీసు మాట మరచిపోలేదు. అటువంటి వేళ బ్రాంచి పోస్టుమాస్టరు ఏమి చేస్తాడో తలచుకోండి. నీరు వాకిట్లోకి వచ్చింది. ఒక గదిలో విత్తన ధాన్యం ఉన్నది. మరొక గదిలో మెయిలు సంచి, తేదీ ముద్ర, లెక్క పుస్తకాలు, నగదు, ఇటీవల ఇచ్చిన యంత్రం ఉన్నవి. అటక ఒక్కటే. ముందు ఏది ఎక్కించవలెను? ఎక్కించవలసినది సంచియే, నగదు తడిసినా, తగ్గినా సంజాయిషీ చెప్పవలసినవాడు అతడే. విత్తనం తడిస్తే అడిగే అధికారి ఎవ్వరూ లేరు. నీరు తీయకముందే ముసలివారి పింఛను డబ్బు, దూరాన కూలికిపోయిన కొడుకులు పంపిన మనియార్డరు కోసం ఊరివారు అరటి బోదెల తెప్ప మీద అతని ఇంటికి వస్తారు. అతడిస్తాడు. ఆ రోజున అది అయిదు గంటల పని అని గడియారం పట్టుకొని కూర్చునేవాడెవడు? ఊరందరికీ పింఛను పంచే ఆ చేతికి పింఛను లేదు.

ఇది కేవలం అస్సాం వ్యవహారమని మనం తప్పుకోరాదు. మన లంక గ్రామాలలో 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను అరటి, కంద, కూరగాయ తోటలు నీటమునిగినప్పుడు, అక్కడి డాక్ సేవకుల పెరళ్లుకూడా మునిగాయి. మనకు వరద శ్రావణ భాద్రపదాలలో వస్తుంది. కనీసం దాళ్వా పంట ఇల్లు చేరిన తరువాత వస్తుంది. ఆ పాటి ఊరటకూడా బ్రహ్మపుత్ర రైతుకు లేదు. అయినను మన కోనసీమలో జరిగినదేమి? 2011 ఖరీఫ్‌లో, రెండు పంటలు పండే డెల్టాలో, కాలువ క్రింది రైతులే సాగు గిట్టుబాటు కాదని పంట విరామం ప్రకటించారు. మురుగు కాలువలు పూడిపోయి పంట మునుగుతున్నదనీ, ధర చాలదనీ వారు మొరపెట్టుకొన్నారు. పూర్తికాలపు రైతునే పోషించలేని పొలం, తపాలా శాఖవారి పాక్షిక ఉద్యోగిని ఎట్లు పోషిస్తుంది? ఈ ప్రశ్నకు లెక్కగట్టి జవాబు చెప్పిన అధికారిని మేమింతవరకు చూడలేదు.

మనలోనే కొందరి మాటకూడా ఇక్కడ చెప్పకతప్పదు. “వారు నాలుగు గంటలు పనిచేసేవారు, మనం ఎనిమిది గంటలు, ఊళ్లోనే ఉద్యోగం, ఇంటి తిండి, ఇంకేమి కావాలి?” అని రెగ్యులర్ సోదరులు కొందరు యూనియన్ సమావేశాలలోనే అనగా విన్నాము. నాలుగు గంటలే నిజమనుకొందాము. అయితే నాలుగు గంటల పనికి తగిన పింఛను ఇవ్వవచ్చును గదా? సగం పనికి సగం అని ఎవ్వరూ అనలేదు, ఏమీ లేదన్నారు. 1977లోనే సుప్రీంకోర్టు రాజమ్మ కేసులో వీరు ప్రభుత్వం క్రింద సివిల్ పదవిలో ఉన్నవారేనని తీర్పు చెప్పింది. అయినను వీరిని రెగ్యులర్ సర్వీసుకు వెలుపలనే నిలబెట్టారు. 2016లో కమలేశ్ చంద్ర కమిటీ నివేదిక ఇచ్చింది. అది కదలడానికి 2018 మే 22న నిరవధిక సమ్మెకు దిగవలసివచ్చింది. అదీ ఎండాకాలమే, అస్సాంలో మొదటి పోటు కాలమే. ఆ ఏడాది జూలై 1 నుండి నాలుగు గంటల బ్రాంచి పోస్టుమాస్టరుకు 12,000 రూపాయలు, సహాయకునికి 10,000 రూపాయలు మొదటి మెట్టుగా, కరువు భత్యం అదనంగా, నిర్ణయమైనవి. పోరాడి సాధించుకొన్న ఫలితమది, దానిని మేము చులకన చేయము. కాని ‘వేరొక ఆదాయ మార్గం’ అన్న షరతు చెక్కుచెదరలేదు.

ఇంటి తిండి అని ఎగతాళి చేసిన సోదరులు మరొక సంగతి ఆలోచించవలెను. ‘నీ వృద్ధాప్యాన్ని నీవే చూచుకో’ అన్న సూత్రాన్ని ప్రభుత్వం మొదట ప్రయోగించినది డాక్ సేవకుని మీద. 2004 జనవరి 1 నుండి అదే సూత్రం క్రొత్తగా చేరిన రైల్వే, తపాలా ఉద్యోగులందరి మెడకు చుట్టుకొన్నది. డాక్ సేవకునికి పొలం చూపారు, మనకు మార్కెట్టు చూపారు. రెండు దశాబ్దాల ఆందోళన తరువాత, 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పింఛను పథకమని ఒకటి ముందుకు తెచ్చారు. ప్రక్కవాని ఇల్లు మునుగుతున్నప్పుడు మన గడప ఎత్తుగానే ఉన్నదని ఊరకుండినందుకు మనం చెల్లించిన వెల అది. ఈ తప్పులో ఫెడరేషన్‌కూ పాలున్నదని ఒప్పుకొనుటకు మేము సంకోచించము.

కావున మేము కోరునది స్పష్టము. నియమావళిలోని ‘వేరొక ఆదాయ మార్గం’ షరతును రద్దు చేయవలెను. సర్వీసు కాలాన్నిబట్టి డాక్ సేవకులకు శాసనబద్ధమైన పింఛను ఇవ్వవలెను. వరద ముంపు గ్రామాలలో బ్రాంచి ఆఫీసుకు మెరక మీద ప్రభుత్వ ఖర్చుతో గది కట్టించవలెను. ఊరు నది పాలైనప్పుడు నివాస నిబంధనను చూపి ఎవరి ఉద్యోగాన్నీ తొలగించరాదు.

ప్రతి డివిజన్ శాఖ, రైల్వే యూనిట్లతో కలిసి, ఈ నాలుగు కోరికలపై తీర్మానం ఆమోదించవలెను. తమ పరిధిలో ముంపుకు, కోతకు గురైన డాక్ సేవకుల పొలాల, పెరళ్ల వివరాలను, సర్వే నంబర్లతో సహా, వచ్చే కార్యవర్గ సమావేశానికి పది రోజులు ముందుగా కేంద్ర కార్యాలయానికి చేర్చవలసినదిగా కోరుతున్నాము. పట్టా ఉండి పొలం లేనివారి వివరాలను వేరొక కాగితం మీద వ్రాసి పంపవలెను.