ఇంటి ముచ్చట్లు: కొత్త స్పీకర్లు, పాత యాంప్లిఫయర్

మా ఇంట్లో ఒక పాత స్టీరియో యాంప్లిఫయర్ ఉంది. మా మామగారు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, 1982లో, ఇక్కడే మద్రాసులో కొన్నారు. ఒక్కో వైపు 25 వాట్లు. దాని మీద ఆయన వినేవి ముఖ్యంగా రెండే. పొద్దున్న సుప్రభాతం, సాయంత్రం ఘంటసాల గారి భగవద్గీత. శ్లోకం, వెంటనే తెలుగులో తాత్పర్యం. బడిలో తెలుగు లేని మా పిల్లలకు ఆ తాత్పర్యమే తెలుగు వాచకం అయింది. కాబట్టి ఆ పెట్టె మాకు వట్టి సామాను కాదు.

రెండేళ్లుగా పాత స్పీకర్లు కాస్త గరగరమంటున్నాయి. పైగా మామగారికి చెవులు మందగించాయి. "మాట స్పష్టంగా రావడం లేదమ్మాయ్" అనేవారు. మా వారు వెళ్లి కొత్త జత తెచ్చారు. "ఇవి 100 వాట్లు తట్టుకుంటాయిట, ఇక చూసుకో" అన్నారు. పోయిన ఉగాదికి చుట్టాలు వస్తున్నారని కొత్తవి హాల్లో, పాతవి వరండాలో పెట్టి, అన్నిటి తీగలూ యాంప్లిఫయర్ వెనక ఒకేచోట బిగించేశారు. పచ్చడి పంచుతుండగా ఏదో కాలిన వాసన వచ్చింది. పాట ఆగిపోయింది. మామగారు ఒక్క మాట కూడా అనలేదు. లేచి తన గదిలోకి వెళ్లారు. ఆయన నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

మర్నాడు దాన్ని ఆటోలో పెట్టుకుని రిచీ స్ట్రీట్‌కు వెళ్లాం. అక్కడ ఒక పెద్దాయన మూత విప్పి చూసి, "వెనక పలక మీద ఏం రాసుందో చదివారా అమ్మా?" అని అడిగారు. స్పీకర్లు 8 ఓమ్‌లకు తగ్గకూడదని ఉంది. మావి పాతవి 8, కొత్తవి 4. రెండూ ఒకేచోట కలిపితే 12 అవుతుందనుకుంటాం. కాదు. అలా పక్కపక్కన కలిపినప్పుడు 8ని 4తో గుణించి, వచ్చిన 32ను 12తో భాగించాలి. వచ్చేది 2.7 కన్నా తక్కువ. ఓమ్‌లు తగ్గేకొద్దీ స్పీకరు ఎక్కువ కరెంటు లాగుతుంది. "ఒక ఎద్దుకు మూడు బండ్లు కట్టారు" అన్నారాయన. కరెంటు మోసే ట్రాన్సిస్టర్లు అందుకే కాలిపోయాయి. అదృష్టం బాగుండి మిగతాదంతా బాగానే ఉంది. ట్రాన్సిస్టర్లు, ఫ్యూజు మార్చి వారంలో ఇచ్చారు.

ఆ వారంలో మేము నేర్చుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

స్పీకరు మీద రాసే వాట్లు అది ఎంత తట్టుకోగలదో చెబుతాయి గానీ, ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పవు. అది తెలియాలంటే డెసిబెల్ అంకె చూడాలి. ఒక వాట్ ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎంత శబ్దం వస్తుందన్నదే ఆ అంకె. 3 డెసిబెల్స్ పెంచాలంటే యాంప్లిఫయర్ రెట్టింపు వాట్లు ఇవ్వాలి. మా వారు తెచ్చినవి 84. ఆ దుకాణం వాళ్లు వాటిని తీసుకుని, కొంత సొమ్ము కట్టించుకుని, 8 ఓమ్‌లూ 90 డెసిబెల్స్ ఉన్న జత ఇచ్చారు. 6 డెసిబెల్స్ తేడా అంటే నాలుగు రెట్లు. పాత జతకు 100 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం దీనికి 25 వాట్లకే వస్తుంది. కొత్త యాంప్లిఫయర్ కొనే ఖర్చు తప్పింది.

చిన్న యాంప్లిఫయర్ పెద్ద స్పీకరును ఏమీ చేయలేదనుకోవడం ఇంకో పొరపాటు. శక్తికి మించి వాల్యూమ్ తిప్పితే శబ్దం అలల కొసలు కోసుకుపోతాయి. పాట బొంగురుపోతుంది. ఆ బొంగురు శబ్దమే పైస్థాయి పలికే చిన్న ట్వీటరును కాల్చేస్తుంది. గొంతు మారిందనిపించగానే తగ్గించాలి. పెట్టె మీద వేలల్లో కనిపించే పిఎంపిఓ వాట్లను లెక్కలోకి తీసుకోకండి. ఆర్‌ఎంఎస్ అని రాసిన అంకెనే నమ్మండి.

తీగలు కలిపేటప్పుడు ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. ఒకవైపు తారుమారైతే ఏమీ కాలిపోదు గానీ, మృదంగం నాదం పలచబడి, గాయకుడి గొంతు ఎటునుంచి వస్తోందో తెలియదు.

ఇన్ని చేసినా మామగారికి మొదటిరోజు మాట స్పష్టంగా వినపడలేదు. మళ్లీ పెద్దాయనకు ఫోన్ చేస్తే, "స్పీకర్లు ఎక్కడ పెట్టారు?" అన్నారు. గోడ మూలల్లో పెట్టాం. మూలలో పెడితే కిందిస్థాయి శబ్దం పెరిగి మాటను కప్పేస్తుందట. గోడకు అడుగున్నర దూరం జరిపి, స్టూళ్లు వేసి, ట్వీటరు ఆయన కుర్చీలో కూర్చుంటే చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టాం. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, వాటి నుంచి కుర్చీకీ అంతే దూరం ఉంచాం. దీనికి పైసా ఖర్చు కాలేదు. అన్నిటికన్నా ఎక్కువ మార్పు దీనివల్లే వచ్చింది.

ఆ సాయంత్రం భగవద్గీత పెట్టాం. వాల్యూమ్ సగం కూడా తిప్పలేదు. మామగారు కళ్లు మూసుకుని విన్నారు. కాసేపటికి, "శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోందమ్మాయ్" అన్నారు. 1974లో వెళ్లిపోయిన మనిషి మా హాల్లో కూర్చున్నట్టే ఉంది. మా వారు అప్పుడు గానీ తలెత్తి తండ్రి ముఖం చూడలేదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటి పాత పెట్టె ఉంటే పారేయకండి. కొత్త స్పీకర్లు కొనడానికి వెళ్లేముందు దాని వెనక పలక మీద ఉన్న అంకెలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. మేము చేయని పని అదొక్కటే.