ఎండగల యూరికి కాపురము మార్చుట



అమెరికాలోని శికాగో నగరమునుండి యొక సోదరి నాకు జాబు వ్రాసినది. "మా అత్తగారు కార్తికము మొదలు ఫాల్గుణమువఱకు గడప దాటుట లేదు. మోకాళ్ల నొప్పులతో మంచము పట్టినంత పనియైనది. 'వాకిట ఘడియసేపు ఎండలో కూర్చుండు యోగము నాకిక లేదా?' యని నిన్న కంట తడిపెట్టిరి. ఈ చలి యిట్లే యున్న స్వదేశమునకు పోయి యొంటరిగా నుందునని పట్టుపట్టుచున్నారు. మావారు దక్షిణపు నగరములకు పోదమనుచున్నారు. హ్యూస్టనా, డల్లాసా, అట్లాంటాయా? పెద్దపిల్ల పదవ తరగతి. నాకేమియు తోచకున్నది" అని జాబు సారాంశము.

అమ్మా! ఈ మూడుచోట్లను మన తెలుగు కుటుంబములు విస్తారముగా నున్నవి. కావున గుడికిని గోంగూరకును నీకు లోపముండదు. విచారింపవలసినవి వేఱు కలవు.

మొదటిది ఎండ. ఎండ యున్నంతమాత్రమున వాకిట కూర్చుండ వీలుండునని తలంపరాదు. డల్లాసులో 2011వ సంవత్సరమున వరుసగా 40 దినములు పగటి గరిష్ఠోష్ణము 100 డిగ్రీల ఫారెన్‌హీటునకు తగ్గలేదు. అట్టి వేసవిలో ముసలివారు మరల తలుపులు మూసికొని లోపలనే యుండవలెను. అట్లాంటా సముద్రమట్టమునకు సుమారు 1000 అడుగుల యెత్తున నుండుటచే నంతటి వేడిమి యచ్చట అరుదు.

రెండవది నీరు. మేము హ్యూస్టనులో ఇల్లు కొనబోయిన దినములలో, ఇండ్లు చూపు మధ్యవర్తి "ఇచ్చటికి నీరు రాదు" అని ధైర్యము చెప్పెను. నేను పొరుగింటి యవ్వను పలుకరించితిని. ఆమె మాటాడక, తన గోడమీద 2017 నాటి హార్వీ తుపాను వరద మరకను చూపినది. మఱునాడే యా బేరము మానుకొంటిమి. ప్రభుత్వమువారి వరద పటములు ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. అయినను వానినే నమ్మి యుండరాదు; ఆ యేట పటములో లేని యిండ్లు సైతము అనేకము మునిగినవి. సాధారణపు ఇంటి బీమా వరదకు వర్తింపదు. వరద బీమా వేఱుగా కొనవలెను. కొన్న పిదప సామాన్యముగా 30 దినములకు గాని యది యమలులోనికి రాదు.

మూడవది చలి. దక్షిణమున చలియే యుండదనుట పొరపాటు. 2021 ఫిబ్రవరిలో టెక్సాసులో మంచు కురిసి, విద్యుత్తు నిలిచి, నీటి గొట్టములు పగిలి, రెండువందలకు పైగా జనులు మరణించిరి. కావున గొట్టములకు చలికాపు కలదో లేదో అడిగి తెలిసికొనుము.

నాలుగవది వ్యయము. టెక్సాసున రాష్ట్రపు ఆదాయపుపన్ను లేదు. కాని ఇంటిపన్ను హెచ్చు. జార్జియాలో ఆదాయపుపన్ను కలదు. రెండును కూడి లెక్క వేయక, ఒక్కదానిని చూచి మురియరాదు.

ఇక పిల్ల సంగతి. వెళ్లుటయే నిశ్చయమైనచో ఈ వేసవి సెలవులలోనే వెళ్లుడు. క్రొత్త పాఠశాలలో దానికి రెండు పూర్తి సంవత్సరములు దొరకును. ఇంకొక యేడు జాగు చేసినచో కడపటి తరగతిలో స్నేహితులు లేక యొంటరిదగును. ముందుగా దానిని కూర్చుండబెట్టుకొని, దాని మనసులోని మాట వినుము.

అత్తగారి కొఱకే యీ ప్రయాణమైనచో, ఉద్యోగము దొరకునెడల అట్లాంటాను మొదట చూడుమని నా సలహా. చూచుట మాత్రము జనవరిలో గాక ఆగస్టులో చూడుము. అత్తగారిని వెంట తీసికొనిపొమ్ము. కారు నడుపలేనివారు నడచి పోదగిన దూరమున నీడగల త్రోవయు, పలుకరించు పొరుగును గలవో కనుగొనుము. జీతము లెక్క ఇంట నందఱును చూతురు. పెద్దామె కుర్చీ యెచ్చట వేయవలెనో చూచు భారము నీదే తల్లీ.