జెండా కింద ఒక బల్ల

అమెరికాలో ప్రభుత్వ భవనాల మీద జాతీయ జెండాతోపాటు ఒక నల్లజెండా ఎగురుతుంది. యుద్ధాల్లో పట్టుబడిన, జాడ తెలియని సైనికుల కోసం పుట్టిన జెండా అది. 1971లో పట్టుబట్టి దాన్ని తయారుచేయించింది మేరీ హాఫ్ అనే స్త్రీ, కనిపించకుండా పోయిన ఒక పైలట్ భార్య. ముఖ్యమైన ఫెడరల్ భవనాల మీద ఏడాది పొడవునా అది ఎగరాలని 2019లో ఒక చట్టం చేశారు.

బాపట్ల కలెక్టరేటు మీదా, తెనాలి, రేపల్లె మునిసిపల్ ఆఫీసుల మీదా అలాంటిది కట్టడం కష్టమేమీ కాదు. కట్టేసి చేతులు దులుపుకుంటారనేదే నా భయం.

1965, 1971 యుద్ధాల్లో జాడ తెలియకుండా పోయి, పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారని కుటుంబాలు నమ్మిన మన సైనికులు 54 మంది. పాకిస్తాన్ లేరనే అంటోంది. వారిలో ఒకరైన ఫ్లైట్ లెఫ్టినెంట్ తాంబే భార్య దమయంతి జాతీయ బాడ్మింటన్ చాంపియన్. పెళ్లయి రెండేళ్లయినా నిండకముందే మొదలైన ఆమె వెతుకులాట దశాబ్దాలు సాగింది. ఢిల్లీలో తలుపులు తట్టగలిగిన ఆమెకే జవాబు దొరకలేదు.

మన దగ్గరికొద్దాం. 2016 జూలై 22న బంగాళాఖాతం మీద మాయమైన వాయుసేన ఏఎన్-32 విమానంలోని 29 మందిలో 8 మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపో సివిలియన్ ఉద్యోగులు. శకలాలు దొరికాయని ప్రకటించింది 2024 జనవరిలో. ఈ ఏడున్నరేళ్లూ ఆ ఇళ్లలో ఫోటోకి దండ వేయాలా వద్దా? ఆ ఇల్లాలిని పేరంటానికి పిలవాలా వద్దా? అటు ముత్తైదువా కాదు, ఇటు విధవా కాదు. భర్త ఉనికిని బట్టే స్త్రీకి చోటిచ్చే సమాజంలో ఆమెకు పేరు కూడా లేదు.

చట్టం ఏడేళ్లు ఆగమంటుంది. ఒకప్పటి ఎవిడెన్స్ యాక్టు 108వ సెక్షనే 2024 జూలై నుంచి సాక్ష్య అధినియమ్ 111వ సెక్షన్ అయింది. కేంద్ర ప్రభుత్వోద్యోగి జాడ తెలియకపోతే, పోలీసు ఫిర్యాదు ఇచ్చిన ఆరు నెలలకు భార్య కుటుంబ పింఛను అడగవచ్చు. కానీ ఆయన తిరిగొస్తే ఇచ్చిందంతా సర్దుబాటు చేసుకుంటామని ఆమె చేత పూచీకత్తు రాయించుకుంటారు. ఆశకు కూడా బాండు పేపరే!

నిజాంపట్నం రేవు నుంచి వేటకెళ్లి తిరిగిరాని వాడి భార్యకు ఆ ఆరు నెలల పింఛనూ లేదు, జెండాలో చోటూ లేదు. ఏడేళ్ల గడువు మాత్రం ఆమెకూ ఉంది.

జెండా కడితే కట్టనివ్వండి. మనం అడగాల్సింది దాని కింద ఒక బల్ల, ఫిర్యాదు నకలు నుంచి బ్యాంకు కాగితం దాకా అన్నీ ఒకేచోట చూసే బల్ల. సైనికుడి భార్యకూ మత్స్యకారుడి భార్యకూ అదే బల్ల. అక్కడ కూర్చునే ఉద్యోగి మాత్రం, 'ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే పంపమ్మా' అనకూడదు.